వకీళ్ల ఆఫీసుకు చాట్ సర్వర్ పెట్టిన అనుభవం

నాంపల్లి క్రిమినల్ కోర్టుల నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక న్యాయవాదుల ఆఫీసుకు కంప్యూటర్లు, ప్రింటర్లు, బ్యాకప్‌లు చూసిపెట్టడం ఆరేళ్లుగా నా పని. 2024 జూన్‌లో అక్కడి సీనియర్ న్యాయవాది నన్ను పిలిపించి, తమ పదకొండు మందికీ, తాము ఎంచుకున్న కొద్దిమంది కక్షిదారులకూ మాత్రమే పనికొచ్చే చాట్ ఒకటి కావాలన్నారు. ఫోన్లలో అందరూ వాడే యాప్‌లు ఉండగా ఇది ఎందుకని అడిగాను. కక్షిదారు వకీలుకు చెప్పిన మాటను బయటపెట్టకూడదన్న నియమం ఎవిడెన్స్ యాక్ట్ 126వ సెక్షన్‌లో ఉండేదనీ, జులై 1 నుంచి అదే నియమం భారతీయ సాక్ష్య అధినియమ్ 132వ సెక్షన్‌గా వస్తోందనీ వివరించి, "చట్టం నన్ను నోరు మూసుకోమంటుంది. నా ఫోన్‌కు ఆ సంగతి తెలియదు కదయ్యా" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు కనుక పనికి ఒప్పుకున్నాను.

సందేశాలు పంపుకోవడానికి ఎక్స్‌ఎంపీపీ అనే పద్ధతినీ, దాన్ని నడిపే ప్రోసొడీ అనే సర్వర్‌నూ ఎంచుకున్నాను. 1999లో జాబర్ పేరుతో బయటికి వచ్చిన ఈ పద్ధతి 2004లోనే ఇంటర్నెట్ ప్రమాణంగా నమోదైంది, 2011లో దాన్ని సవరించి తిరగరాశారు. ఈ మాత్రం వయసున్న పద్ధతిని నమ్మడంలో నాకు సౌకర్యం ఉంది. దానిలోని తప్పులు చాలావరకు ఇతరులు ఇప్పటికే చేసి ఉంటారు. ప్రోసొడీ లూవా భాషలో రాసినది, చాలా తేలికైనది. డెబియన్ అనే లినక్స్ వ్యవస్థ 12వ వెర్షన్‌లో ప్రోసొడీ 0.12 వెర్షన్ సిద్ధంగా దొరుకుతుంది. సెట్టింగులన్నీ ఒకే ఫైలులో ఉంటాయి. ఆ ఒక్క ఫైలే తరువాత నా చేత నీళ్లు తాగించింది.

సర్వర్‌ను ఆఫీసులోనే ఒక మూల పెట్టాలని సీనియర్ గారి కోరిక. అది కుదరలేదు. ఆఫీసు బ్రాడ్‌బ్యాండ్‌కు సొంత ఐపీ చిరునామా లేదు. వందలాది ఇళ్లు ఒకే చిరునామా వెనక ఉండే ఏర్పాటు కావడంతో బయటి ఫోన్లు లోపలి యంత్రాన్ని చేరుకునే దారే లేదు. అందువల్ల ముంబైలోని ఒక డేటా సెంటర్‌లో రెండు జీబీల మెమరీ ఉన్న చిన్న సర్వర్‌ను అద్దెకు తీసుకున్నాం.

మొదటి చిక్కు సర్టిఫికెట్ దగ్గర, అంటే సర్వర్ అసలుదేనని ఫోన్‌కు రుజువు చూపే పత్రం దగ్గర ఎదురైంది. ఆఫీసు డొమైన్ పేరు మీద వెబ్‌సైటు వేరే చోట నడుస్తోంది, చాట్ సర్వర్ మాత్రం 'చాట్' అనే ఉపపేరుతో ముంబైలో ఉంది. సర్టిఫికెట్ ఆ ఉపపేరుకే తీసుకున్నాను. ఫోన్లు ఒప్పుకోలేదు. ఎక్స్‌ఎంపీపీలో ఫోన్ చూసేది యంత్రం పేరును కాదు, వాడుకరి చిరునామాలో ఎట్ గుర్తు తరువాత వచ్చే డొమైన్‌ను. డొమైన్ పేర్లకు చిరునామాలు చెప్పే డీఎన్ఎస్ పట్టికలోని ఎస్‌ఆర్‌వీ రికార్డు, ఏ యంత్రానికి వెళ్లాలో ఫోన్‌కు దారి మాత్రమే చూపిస్తుంది. అక్కడికి చేరాక సర్టిఫికెట్‌లో ఉండవలసింది అసలు డొమైన్ పేరే. అయితే ఆ డొమైన్ వెబ్‌సైటు మరొకరి యంత్రం మీద ఉన్నందున, వెబ్ ద్వారా యాజమాన్యం నిరూపించుకునే మామూలు పద్ధతి నా సర్వర్ నుంచి పనిచేయదు. డీఎన్ఎస్‌లో ఒక రికార్డు ఉంచి నిరూపించుకునే పద్ధతికి మారి, ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ నుంచి అసలు పేరుకే సర్టిఫికెట్ తీసుకున్నాను.

ఆ పద్ధతి వల్ల మరో మేలు కూడా జరిగింది. 2023 అక్టోబర్‌లో జాబర్ డాట్ ఆర్‌యూ అనే రష్యన్ ఎక్స్‌ఎంపీపీ సేవ విషయంలో ఒక ఉదంతం బయటపడింది. జర్మనీలో ఉన్న దాని సర్వర్ల రాకపోకలను ఎవరో దారిలోనే తమ యంత్రం గుండా మళ్లించి, అదే డొమైన్‌కు లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుంచే వేరే సర్టిఫికెట్లు సంపాదించి, నెలల తరబడి మధ్యలో కూర్చున్నారు. వాళ్లు సంపాదించిన సర్టిఫికెట్లలో ఒకదాన్ని గడువులోగా మార్చకపోవడం వల్లనే సంగతి తెలిసింది. సర్వర్‌లోకి ఎవరూ చొరబడలేదు, తాళం పగలలేదు. తాళంచెవి ఇచ్చేవాడే మరొకరికి ఇంకో జత ఇచ్చాడు. అందుకని మా డొమైన్‌కు డీఎన్ఎస్‌లో సీఏఏ అనే అనుమతి రికార్డు పెట్టి, లెట్స్ ఎన్‌క్రిప్ట్ తప్ప మరెవరూ సర్టిఫికెట్ ఇవ్వకూడదనీ, అది కూడా నా ఖాతాకు మాత్రమే, డీఎన్ఎస్ పద్ధతిలో మాత్రమే ఇవ్వాలనీ రాసిపెట్టాను. కొత్త సర్టిఫికెట్ ఏది పుట్టినా బహిరంగ చిట్టాల్లోకి ఎక్కుతుంది కనుక, వాటిలో మా పేరు కనబడితే నాకు మెయిల్ వచ్చే ఏర్పాటు కూడా చేసుకున్నాను.

కనెక్షన్ల విషయంలో మిగతాది సాఫీగానే సాగింది. ఫోన్ నుంచి సర్వర్‌కు వచ్చే సీటూఎస్ కనెక్షన్లు 5222 పోర్టులోకి, అంటే సర్వర్‌కు ఉండే నంబరు వేసిన తలుపుల్లో ఒకదానిలోకి వస్తాయి. అక్కడ ఎన్‌క్రిప్షన్ లేనిదే సంభాషణ మొదలు కాకూడదన్న సెట్టింగ్ పెట్టాను. పాస్‌వర్డులు యథాతథంగా కాక, వెనక్కి తిప్పలేని హాష్ రూపంలో నిల్వ ఉండేట్టు చూశాను. హైకోర్టు పాత కట్టడం లోపల సిగ్నల్ పోయి, మూసీ వంతెన మీదికి రాగానే మళ్లీ అందుకునే ఫోన్ల కోసం, తెగిన సెషన్ పది నిమిషాల వరకు నిలిచి ఉండే మాడ్యూల్‌ను ఆన్ చేశాను. ఇక్కడ చిన్న మాట. నేను 'క్లయింట్' అంటే ఫోన్‌లోని యాప్, వాళ్లు 'క్లయింట్' అంటే ఫీజు ఇచ్చే మనిషి. "క్లయింట్‌ను డిస్‌కనెక్ట్ చేశాను" అని నేను ఫోన్‌లో చెబితే జూనియర్ మేడమ్ ఒక్క క్షణం కంగారు పడ్డారు. ఆ రోజు నుంచి వాళ్ల క్లయింట్‌ను కక్షిదారు అనే అంటున్నాను.

హైటెక్ సిటీలోని ఒక కంపెనీలో పనిచేసే కక్షిదారుకు మాత్రం చాట్ అందలేదు. ఆయన ఆఫీసు నెట్‌వర్క్ నుంచి బయటికి 443 పోర్టు తప్ప మరో దారి లేదు. మొదటి క్షణం నుంచే టీఎల్ఎస్ అనే ఎన్‌క్రిప్షన్‌తో మొదలయ్యే కనెక్షన్‌ను 443లో అందుకోవచ్చు. దానికి వేరే ఎస్‌ఆర్‌వీ రికార్డు ఉంటుంది. ముందు వేరే ప్రాక్సీ ప్రోగ్రామ్‌ను 443 దగ్గర కూర్చోబెట్టి, వచ్చినదాన్ని లోపలి 5223కు అందించాను. ఆయనకు చాట్ అందింది. కానీ వారం తరువాత సర్వర్ రాసుకునే లాగ్ చూస్తే ఆ దారిన జరిగిన విఫల లాగిన్ ప్రయత్నాలన్నీ 127.0.0.1 నుంచే, అంటే ఆ యంత్రం నుంచే వచ్చినట్టు రాసి ఉంది. ప్రాక్సీ అదే యంత్రంలో ఉంది గనుక ప్రోసొడీకి కనబడేది దాని చిరునామానే. పాస్‌వర్డులు ఊహిస్తూ తలుపు కొట్టేవాణ్ణి అలాంటివాళ్లను అడ్డుకునే ఫెయిల్‌టూబ్యాన్ ప్రోగ్రామ్ ఏ చిరునామా చూసి ఆపాలి? సొంత ఇంటివాణ్ణే గెంటేసే పరిస్థితి. ప్రాక్సీని తీసేసి, ఫైర్‌వాల్‌లోనే 443ను 5223కు మళ్లించాను. ఆ యంత్రంలో వెబ్‌సైటు లేదు కాబట్టి దానివల్ల నష్టం లేకపోయింది, అసలు చిరునామాలు తిరిగి కనబడ్డాయి. ఆయనకు ఫొటోలు మాత్రం ఆ నెట్‌వర్క్‌లో ఇప్పటికీ వెళ్లవు, ఎందుకంటే ఫైళ్లు పంపుకునే దారి 5281 పోర్టులో ఉంది. సాయంత్రం ఇంటికి వెళ్లి పంపుతారు.

సర్వర్ నుంచి సర్వర్‌కు జరిగే ఎస్‌టూఎస్ రాకపోకలను మొదట పూర్తిగా ఆపేశాను. బయటివారితో అవసరం లేనప్పుడు 5269 పోర్టు తెరిచి ఉంచడం దేనికి? కొన్ని వారాల తరువాత, సొంత సర్వర్ ఉన్న ఢిల్లీ న్యాయవాది ఒకరితో మాట్లాడవలసి వచ్చింది. అప్పుడు ఎస్‌టూఎస్‌ను తెరిచి, ఆ ఒక్క డొమైన్‌ను మాత్రమే అనుమతించే జాబితా పెట్టి, సరైన సర్టిఫికెట్ లేకపోతే కలవకూడదన్న నిబంధనను అలాగే ఉంచాను. వాళ్లది సొంతంగా సంతకం చేసుకున్న సర్టిఫికెట్ కావడంతో కనెక్షన్ కుదరలేదు. ఆ డొమైన్‌కు మినహాయింపు ఇచ్చే సెట్టింగ్ ప్రోసొడీలో ఉంది, ఒక్క వరుస చాలు. ఇవ్వలేదు. 2014 మే 19న ప్రపంచవ్యాప్తంగా ఎక్స్‌ఎంపీపీ నిర్వాహకులు ఎన్‌క్రిప్షన్ లేని సర్వర్లతో కలవడం మానేసినప్పుడు గూగుల్ సర్వర్లతోనే సంబంధం తెగిపోయింది, అయినా వాళ్లు వెనక్కి తగ్గలేదు. ఢిల్లీవారు ఒక మధ్యాహ్నం కూర్చుని సర్టిఫికెట్ తెచ్చుకున్నారు.

ఇక లాగ్ సంగతి. కనెక్షన్ల పనికి నాలుగు రోజులు పడితే, లాగ్ పని నాలుగు నెలలు సాగింది.

'లాగ్' అనగానే సీనియర్ గారు చాట్‌లో జరిగిన సంభాషణల చరిత్ర అనుకున్నారు. అది వేరు, దాన్ని ఆర్కైవ్ అంటారు. మా సర్వర్‌లో వారం తరువాత చెరిగిపోతుంది, ఓమెమో పద్ధతిలో ఫోన్‌లోనే తాళం వేసి పంపిన సందేశమైతే ఆర్కైవ్‌లో కూడా తాళంతోనే ఉంటుంది. లాగ్ అంటే సర్వర్ తన గురించి తాను రాసుకునే డైరీ. అందులో నాలుగు స్థాయిలు ఉన్నాయి: డీబగ్, ఇన్ఫో, వార్న్, ఎర్రర్. డీబగ్‌లో ప్రతి కదలికా రాస్తుంది, ఎర్రర్‌లో ఏదైనా విరిగితేనే నోరు విప్పుతుంది. ఏర్పాటు చేసే రోజుల్లో అందరిలాగే నేనూ డీబగ్ పెట్టాను. జులై రెండో వారంలో అంతా కుదురుకున్నాక ఫైలు చివర ఇన్ఫో అని లాగ్ సెట్టింగ్ కొత్తగా రాసి, సర్వర్‌ను రీలోడ్ చేసి, పని అయిపోయిందనుకున్నాను.

ఆగస్టు చివరలో ఒక జూనియర్ తన ఫోన్‌కు సందేశాలు ఆలస్యంగా వస్తున్నాయన్నారు. లాగ్ ఫైలు తెరిచాను. అది ఇంకా డీబగ్‌లోనే రాస్తోంది. ఆరు వారాలుగా.

కారణం చాలా చిన్నది. ప్రోసొడీ సెట్టింగుల ఫైలులో వర్చువల్ హోస్ట్ (సర్వర్ నడిపే ఒక డొమైన్) అన్న వరుస వచ్చేదాకా రాసినవన్నీ సర్వర్ మొత్తానికి వర్తిస్తాయి. ఆ వరుస తరువాత రాసినవి ఆ ఒక్క హోస్ట్‌కే చెందుతాయి. వరుసలను లోపలికి జరిపి రాసినా రాయకపోయినా తేడా లేదు. లాగ్ అనేది సర్వర్ మొత్తానికి ఉండే సెట్టింగ్, హోస్ట్ కింద రాస్తే దాన్ని పట్టించుకోదు. నేను ఫైలు అడుగున, అంటే వర్చువల్ హోస్ట్ తరువాత రాశాను. పైన ఉన్న పాత డీబగ్ వరుస దాని పని అది చేసుకుంటూ పోయింది. ప్రోసొడీతో పాటు వచ్చే ప్రోసొడీసీటీఎల్ కమాండ్‌తో సెట్టింగులను పరీక్షించి ఉంటే, ఫలానా సెట్టింగ్‌ను పై భాగానికి జరపమని అదే చెప్పేది. ఆ రోజు అడిగితే చెప్పింది కూడా. జులైలో నేను అడగలేదు.

ఆ ఫైలులో సందేశాల లోపలి మాటలు లేవు. ప్రోసొడీ డీబగ్‌లో కూడా సందేశపు పై పొరను మాత్రమే రాస్తుంది. అయితే ఆ పై పొరలో ఎవరికి పంపారో ఉంటుంది. ముందు ఒక సెషన్ గుర్తు ఉంటుంది, దాన్ని పట్టుకుని కొన్ని వరుసలు పైకి వెళితే ఆ సెషన్‌లోకి లాగిన్ అయినది ఎవరో తెలుస్తుంది. నేను ఆలస్యం కారణం వెతకడానికే చదవడం మొదలుపెట్టాను, కానీ పది నిమిషాల్లోనే వెతకనివి తెలిసిపోయాయి. రాత్రి పొద్దుపోయాక ఒక కక్షిదారు ఒక జూనియర్‌కు వరసగా ఐదారు సందేశాలు పంపారు. ఆ వెంటనే జూనియర్ సీనియర్ గారికి పంపారు. మర్నాడు పొద్దున్నే సీనియర్ గారు ఢిల్లీకి పంపారు. ఒక్క అక్షరం చదవకుండానే ఒక కేసు మలుపు తిరిగిన రాత్రి నా కళ్లముందు ఉంది. క్రిమినల్ కేసులు చూసే ఆఫీసులో, ఎవరు కక్షిదారో తెలియడమే ఒక్కోసారి పెద్ద విషయం. ఫైలు మూసేసి సీనియర్ గారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. "నువ్వు చదివింది నీ దగ్గరే ఉంచుకో, ఆ ఫైలు మాత్రం ఎవరి దగ్గరా ఉండకూడదు" అన్నారు.

తుడిచేయడం అనుకున్నంత తేలిక కాలేదు. లాగ్ ఫైలు ఒక్కటే కాదు. లాగ్‌రొటేట్ అనే ప్రోగ్రామ్ ప్రతిరోజూ కుదించి పక్కన పెట్టిన పాత ఫైళ్లున్నాయి. పరీక్షల కోసం యంత్రం ఉమ్మడి లాగ్ అయిన సిస్‌లాగ్‌కు కూడా పంపమని నేనే పెట్టిన మరో వరుస వల్ల అదంతా సిస్టమ్ జర్నల్‌లోనూ ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా, రోజూ రాత్రి నేనే శ్రద్ధగా తీయించిన బ్యాకప్‌లలో ఉంది. మూడు చోట్ల వెతికి, పాత బ్యాకప్‌లు పూర్తిగా పారేసి కొత్తది తీయించేసరికి రెండు రాత్రులు పట్టింది. లాగ్‌ల డైరెక్టరీ ఇప్పుడు బ్యాకప్‌లోకి పోదు.

తప్పు చేసినవాడు రెండోవైపు మొగ్గినట్టు, నేను లాగ్‌ను ఎర్రర్ స్థాయికి దించేశాను. ఏమీ రాయకపోతే ఏమీ బయటపడదు కదా అనుకున్నాను. అక్టోబర్ మొదటి వారంలో, దసరా సెలవులకు కోర్టులు మూసే ముందు పని ఒత్తిడి ఎక్కువగా ఉన్న రోజున, ఉదయం నుంచి ఒక్కొక్కరి ఫోన్‌లో చాట్ ఆగిపోతూ వచ్చింది. లాగ్ తెరిస్తే ఖాళీ. సర్వర్ నడుస్తోంది, పోర్టులు తెరిచే ఉన్నాయి, డిస్క్‌లో చోటుంది. రెండు గంటలు డీఎన్ఎస్ మీదా నెట్‌వర్క్ మీదా అనుమానపడ్డాను. చివరికి నా సొంత ఫోన్‌లో వచ్చిన హెచ్చరికను నిదానంగా చదివితే సర్టిఫికెట్ గడువు తీరిందని ఉంది.

మేం లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుంచి తీసుకున్న సర్టిఫికెట్ గడువు 90 రోజులు. అది సకాలంలోనే పునరుద్ధరణ అయింది. అందువల్లనే నాకు గడువు హెచ్చరిక మెయిల్ కూడా రాలేదు. కానీ కొత్త సర్టిఫికెట్ ఉండే చోటును రూట్ (యంత్రం మీద సర్వాధికారాలున్న ఖాతా) తప్ప ఎవరూ చదవలేరు, ప్రోసొడీ తన సొంత వాడుకరి పేరుతో నడుస్తుంది. ప్రతి పునరుద్ధరణ తరువాత దాన్ని ప్రోసొడీ డైరెక్టరీలోకి దిగుమతి చేయాలి. జులైలో ఆ కమాండ్‌ను చేత్తో కొట్టాను, సర్టిఫికెట్లను పునరుద్ధరించే సర్ట్‌బాట్ తన పని అయ్యాక నడిపే హుక్‌లో రాయడం మరిచిపోయాను. కొత్త సర్టిఫికెట్ నెల రోజులుగా పక్క గదిలో కూర్చుని ఉంది, ప్రోసొడీ పాతదాన్నే చూపిస్తూ వచ్చింది. టీఎల్ఎస్ కుదరక ఫోన్లు వెళ్లిపోతున్న సంగతిని ప్రోసొడీ ఇన్ఫో స్థాయిలో రాస్తుంది. ఇన్ఫోను ఆపేసింది నేనే.

ఆ సాయంత్రం సీనియర్ గారి గదిలో కూర్చుని లాగ్‌లో ఏది ఉండాలో మాట్లాడుకున్నాం. ఆయన కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలను ముద్రించి పెట్టుకున్నారు. సేవలు అందించేవారు, డేటా సెంటర్లు, సంస్థలు తమ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు దేశంలోపలే ఉంచాలని, సైబర్ సంఘటన తెలిసిన 6 గంటల్లో నివేదించాలని, గడియారాలను ప్రభుత్వ సంస్థలైన ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ సమయంతో కలపాలని అందులో ఉంది. తమ ఆఫీసు ఈ ఆదేశాల పరిధిలోకి వస్తుందా లేదా అన్నదాని మీద ఇద్దరు న్యాయవాదులు అరగంట వాదించుకున్నారు, టీ రెండుసార్లు వచ్చింది. చివరికి వస్తుందనుకునే నడుచుకోవాలని సీనియర్ గారు తేల్చారు. నేను తక్కువ రోజులు ఉంచుదామనుకుని వచ్చాను, ఆయన 180 అన్నారు. అయితే ఆయన అడిగిన ప్రశ్న నాకు దారి చూపింది: "ఎన్ని రోజులు అన్నది చట్టం చెప్పింది. ఏం రాయాలి అన్నది నీ చేతిలో ఉంది కదా?"

ఇప్పటి ఏర్పాటు ఇది. ఇన్ఫో స్థాయి లాగ్ ఒక ఫైలులోకి వెళుతుంది: ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారు, ఏ టీఎల్ఎస్ వెర్షన్‌తో కలిశారు, ఎందుకు తెగిపోయారు. ఎవరు ఎవరికి రాశారన్నది ఈ స్థాయిలో పడదు. విఫలమైన లాగిన్ ప్రయత్నాలకు మాత్రమే ఐపీ చిరునామా రాసే మాడ్యూల్ వేరుగా ఉంది, ఫెయిల్‌టూబ్యాన్ దాన్నే చదువుతుంది. ఎర్రర్‌లు విడిగా పోగై నాకు మెయిల్‌లో వస్తాయి. ఫైళ్లు రోజుకొకటి మారుతూ 180 రోజులు నిలిచి చెరిగిపోతాయి. డీబగ్ అవసరమైతే ఆన్ చేసిన గంటకు దానంతట అదే పాత సెట్టింగ్ తిరిగి వచ్చేలా చిన్న స్క్రిప్ట్ రాశాను, ఎందుకంటే నా జ్ఞాపకం మీద నాకు నమ్మకం పోయింది. సర్వర్ గడియారం మన సమయం కన్నా ఐదున్నర గంటలు వెనక ఉండే యూటీసీలో ఉండడం వల్ల మరో ముచ్చట జరిగింది: "పొద్దున పదిన్నరకు ఆగిపోయింది" అన్న ఫిర్యాదుకు నేను లాగ్‌లో పదిన్నర దగ్గర వెతికాను, అది ఐదు గంటల దగ్గర ఉంది. ఇప్పుడు మన సమయమే పెట్టాను.

కక్షిదారులకు ఇవ్వడానికి ఒక పేజీ తెలుగు కాగితం తయారు చేశాను: సర్వర్ ఏం గుర్తు పెట్టుకుంటుంది, ఎన్నాళ్లు, ఏం గుర్తు పెట్టుకోదు. చివరి వాక్యం "మీ సందేశాలను సర్వర్ చదవలేదు" అని రాశాను. సీనియర్ గారు కలం తీసి ఆ వాక్యం పక్కన "ఓమెమో ఆన్‌లో ఉన్నప్పుడు మాత్రమే" అని చేర్చి, ఆఫ్‌లో ఉంటే ఎలా అని అడిగారు. ఆఫ్‌లో ఉంటే చదవగలదు. నిజానికి ఫోన్‌లో తాళం పడని సందేశాల విషయంలో సర్వర్ యజమానికి ఆ వీలు ఎప్పుడూ ఉంటుంది, దారి మీద టీఎల్ఎస్ ఎంత గట్టిగా ఉన్నా. ఆ రాత్రి, ఫోన్‌లోనే తాళం పడని సందేశాన్ని అసలు ముందుకు పోనివ్వని మాడ్యూల్‌ను చేర్చి, గ్రూపులను సభ్యులకు మాత్రమే పరిమితం చేసి, ఒకరి అసలు చిరునామా మరొకరికి కనబడేలా మార్చాను. లేకపోతే గ్రూపుల్లో ఓమెమో పనిచేయదు. మర్నాడు పొద్దున గుమాస్తా గారు తన కంప్యూటర్ నుంచి ఆనాటి కేసుల జాబితాను గ్రూపులో పెట్టబోతే సర్వర్ తిప్పి పంపింది. ఆయన కంప్యూటర్‌లో ఓమెమో ఎప్పుడూ ఆన్ కాలేదని అప్పుడు తెలిసింది. జులై నుంచి ఆయన పంపినవన్నీ సర్వర్‌కు కనబడే రూపంలోనే వెళ్లాయి. ఆన్ చేయించి, ఆర్కైవ్‌లో మిగిలిన వారం సందేశాలను చెరిపేసి, కాగితంలో ఆ చివరి వాక్యాన్ని సీనియర్ గారు దిద్దినట్టే ఉంచాను.